ఎనిమిదో పువ్వు

ఏలూరులో నన్ను తిట్టినవాళ్ళకి లోటు లేదు. ఇరవై ఏళ్ళు ఫుట్‌బాల్ రిఫరీగా చేసినవాడికి అది మామూలే. కానీ 'అండీ' అంటూ తిట్టినవాడు మాత్రం ఒక్కడే, తివాచీల కరీం. "ఏవండీ మాస్టారూ, కళ్ళు ఇంట్లో పెట్టి వచ్చారాండీ?" అని గ్రౌండంతా వినపడేలా అరిచేవాడు. ఆట అయ్యాక మళ్ళీ తనే సోడా పట్టుకొచ్చి ఇచ్చేవాడు. నా పేరు నిత్యానందం, స్కూల్లో డ్రిల్లు మాస్టారిని. ముఖం చిటపటలాడుతూ ఉండడం నాకు పుట్టుకతో వచ్చింది కాబట్టి సోడా తాగుతూ కూడా నవ్వేవాణ్ణి కాదు.

కరీం తంగెళ్ళమూడిలో తివాచీలు నేసేవాడు. తండ్రిదీ తాతదీ కూడా అదే పని. ఆ పేట కుర్రాళ్ళు పగలంతా మగ్గాల ముందు కూర్చుని ఊలు ముడులు వేసి, సాయంత్రం కాలేజీ గ్రౌండుకి వచ్చి బంతి తన్నేవాళ్ళు. ఊరంతా వాళ్ళని తివాచీ జట్టు అనేది. రోజంతా మడిచిపెట్టుకుని కూర్చున్న కాళ్ళకి సాయంత్రమయ్యేసరికి అంత పరుగు ఎక్కణ్ణుంచి వచ్చేదో, డ్రిల్లు మాస్టారినైన నాకే అంతుపట్టలేదు. వేసవిలో మా ఊళ్ళో జరిగే కప్పు కోసం తాడేపల్లిగూడెం, ఉంగుటూరు, చింతలపూడి జట్లు ఏటా వచ్చేవి. ఏటా ఓడిపోయి, దుమ్ము దులుపుకుని బస్సెక్కేవి.

కరీంకి ఆట రాదు. బంతి పొరపాటున తన దగ్గరికి దొర్లుకుంటూ వస్తే చేత్తో తీసి ఇచ్చేవాడు. తన్నితే ఎటు పోతుందోనని భయం. కానీ ఆ జట్టు ఆడే ఒక్క ఆట కూడా వదిలేవాడు కాదు. భుజం మీద చుట్టిన చిన్న తివాచీ ఒకటి వేసుకుని వచ్చి, గ్రౌండు పక్కన, సగం గీత దగ్గర పరుచుకుని కూర్చునేవాడు. అది తను నేసుకున్నదే. మధ్యలో ఎరుపు, చుట్టూ మీగడ రంగు అంచు. ఆ అంచు బోసిగా వదిలేశాడు. జట్టు కప్పు గెలిచిన ప్రతిసారీ ఆ బోసి అంచులో కొంచెం ఊలు తీసేసి, సూదితో ఒక్కో ముడీ వేసి, చిన్న కత్తెరతో సమం చేసి, ఒక నీలం పువ్వు పెట్టేవాడు. గోలు కొట్టిన కుర్రాడు ముందుగా పరుగెత్తుకొచ్చి ఆ తివాచీని ముట్టుకోవాలి. అది వాళ్ళ ఆనవాయితీ. వాడు ముట్టుకుని తిరిగి వచ్చేదాకా నేను విజిల్ నోట్లో పెట్టుకుని, పళ్ళు కొరుక్కుంటూ నిలబడేవాణ్ణి.

"ఈ అంచు చుట్టూ ఎన్ని పువ్వులు పడతాయండీ?" అని ఒకసారి అడిగాను.

"మన పిల్లలు ఆడినన్నాళ్ళూ చోటుందండీ మాస్టారూ" అన్నాడు. అంచులో ఒక పక్క కూడా నిండలేదు అప్పటికి. మిగతా మూడు పక్కలు చూపించి మురిసిపోయాడు.

రెండు వేల రెండులో ఏడో పువ్వు పడింది. మరుసటి ఏడు ఫైనల్ కి తాడేపల్లిగూడెం జట్టు వచ్చింది. ఆటకి ముందు కరీం నన్ను పిలిచి తివాచీ చూపించాడు. ఎనిమిదో పువ్వు అప్పటికే పెట్టేశాడు. పక్కనే ఉన్న అతని భార్య మహబూబ్ బీ నాతో మొర పెట్టుకుంది. "మీరైనా చెప్పండి మాస్టారూ. ఆట కానివ్వండీ, తర్వాత కుట్టుకుందురుగాని అంటే వినట్లేదండీ ఈయన." కరీం పెద్దగా నవ్వాడు. "గూడెం వాళ్ళ చేతిలోనా మనం ఓడేది?" అన్నాడు.

ఓడారు. గూడెం వాళ్ళు మొదట్లోనే గోలు కొట్టి, తర్వాత అందరూ వెళ్ళి తమ గోలు ముందే నిలబడిపోయారు. మన సల్మాన్, పేటలోకెల్లా చురుకైన కుర్రాడు, ఎన్నిసార్లు దూసుకెళ్ళినా బంతి లోపలికి పోలేదు. చివరికి కరీం లేచి నిలబడి, చేతి గడియారం నాకు చూపిస్తూ ఒకటే కేకలు. "ఇంకా టైముందండీ మాస్టారూ! ఊదకండి! దెబ్బ తగిలి ఆగిన టైము కలపండీ!" కలపాల్సింది కలిపాను. ఊదాల్సినప్పుడు ఊదాను. ఆ రోజు నాకు సోడా రాలేదు.

తర్వాత నేనే వాళ్ళింటికి వెళ్ళాను. ఆ పువ్వు తీసేయండి, కంటికి బాగాలేదు అన్నాను. తీయనన్నాడు. "విప్పితే అక్కడ బోడి మచ్చ పడిపోద్దండీ. వచ్చే ఏడు ఎలాగూ గెలుస్తారు కదా, అప్పుడిది నిజమైపోద్ది." అక్కణ్ణుంచి ఆ పువ్వుని నిజం చేయడమే అతని బతుక్కి పెద్ద పనైపోయింది. మొండి మనిషి.

కానీ కప్పు మళ్ళీ దక్కలేదు, జట్టు అరిగిపోతూ వచ్చింది. మిషను తివాచీలు చవగ్గా వచ్చిపడ్డాయి, ఆర్డర్లు తగ్గాయి, పేటలో మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మగ్గం ఆగిన ఇంట్లో కుర్రాడు గ్రౌండుకి రావడం కూడా ఆగిపోయేది. గోల్ కీపర్ ఫారూఖ్ కొల్లేరులో చేపల చెరువుల మీద పనికి పోయాడు, ఐసు వేసి చేపలు పెట్టెల్లో సర్దే పని. ఆట ఉందంటే కరీం బస్సెక్కి ఆ గట్ల మీదికి వెళ్ళి, అక్కడి మేస్త్రీ పెద్దింటయ్యని బతిమాలుకునేవాడు. "ఆదివారం పట్టుబడి ఉందండీ, వల లాగాలి. మనిషిని ఎలా పంపమంటారండీ?" అనేవాడాయన. కరీం కదిలేవాడు కాదు. ఒకటి రెండుసార్లు తనే పెట్టెల్లో చేపలు సర్ది, ఫారూఖ్‌ని ఆటకి పంపాడు. తను చూడకుండా పోయిన ఆటలు అవి రెండే. ఆ రెండూ ఓడిపోయారు.

రెండు వేల ఆరులో ప్రభుత్వం కొల్లేరులో చెరువుల గట్లు కొట్టించేసింది. ఆ పనీ పోయింది. ఫారూఖ్ ఒంగోలు వైపు రొయ్యల చెరువులకి వెళ్ళిపోయాడు. ఇక అంత దూరం బస్సెక్కి వెళ్ళి ఎవరిని బతిమాలతాడు?

ఆ తర్వాత సల్మాన్. గూడెంలో ఒక ఉల్లిపాయల వ్యాపారి కొట్లో ఉద్యోగం ఇస్తానన్నాడు, తన జట్టులో ఆడితే చాలన్నాడు. సల్మాన్ వచ్చి కరీం ముందు తల వంచుకుని నిలబడ్డాడట. కరీం వెళ్ళమన్నాడు. నాతో ఆ సంగతి చెబుతూ, "పెళ్ళయినోడండీ. మగ్గం కూడు పెట్టట్లేదు. నా కొడుకైనా వెళ్ళమనే చెబుతానండీ" అన్నాడు. అంతదాకా బాగానే మాట్లాడాడు. తర్వాత గోడవైపు తిరిగి ఏడ్చాడు. అంత పెద్ద మనిషి ఏడుస్తుంటే ఏం చేయాలో తెలియక నేను అక్కడే కూర్చున్నాను. నాకు కోపమొచ్చింది. ఎవరి మీదో చెప్పలేను, సల్మాన్ మీద మాత్రం కాదు.

రెండు వేల ఎనిమిది నాటికి కరీం మగ్గం కూడా పోయింది. దాని కర్రలు పొయ్యిలోకే పోయాయి. అతను పరుపుల షాపులో దూది కూరే పనికి కుదిరాడు. తివాచీ జట్టు తరపున ఆ వేసవిలో పదిమందే వచ్చారు. పదకొండోవాడి కోసం పేటంతా తిరిగినా దొరకలేదట. మొదటి ఆటే గూడెంతో పడింది. కరీం వచ్చాడు. తలలో దూది పోగులు అలాగే ఉన్నాయి. ఎప్పటి చోటనే తివాచీ పరిచి కూర్చున్నాడు. ఇదివరకు ఆ పక్కన నిలబడడానికి చోటుండేది కాదు. ఆ రోజు అతనొక్కడే కూర్చున్నాడు. నేను పలకరిస్తే, "పదిమంది చాలండీ మాస్టారూ. మనోళ్ళు పదిమందితో కూడా గెలిచారు కదండీ అప్పట్లో" అన్నాడు. గెలిచారు, నిజమే. అది ఏ కుర్రాళ్ళతోనో ఇద్దరికీ తెలుసు.

సగం ఆటకే నాలుగు గోలులు పడ్డాయి. కరీం ఒక్క కేక వేయలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. కావాలనే అతని ముందు నుంచి పరుగెత్తుతూ, ఒక త్రో తప్పుగా గూడెం వైపు ఇచ్చాను, తిడతాడేమోనని. తిట్టలేదు.

ఐదో గోలు సల్మాన్ కొట్టాడు. కొట్టి, చెయ్యి ముందుకు చాచుకుని సగం గీత వైపు పరుగెత్తాడు. ఆ కాళ్ళకి ఎన్నో ఏళ్ళ అలవాటు. తివాచీకి రెండు అడుగుల దూరంలో ఉండగా తన ఒంటి మీది గూడెం వాళ్ళ పసుపు చొక్కా గుర్తొచ్చినట్టుంది, అక్కడే ఆగిపోయాడు. చాచిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు వాడికి.

"ముట్టుకోరా" అన్నాడు కరీం. "ఎన్నాళ్ళయ్యిందో దీన్ని ఎవరైనా ముట్టుకుని."

సల్మాన్ మోకాళ్ళ మీద కూర్చుని తివాచీ మీద అరచెయ్యి ఆనించాడు. "చాచా" అన్నాడు. చొక్కాతో ముఖం తుడుచుకుని వెళ్ళిపోయాడు. నేను విజిల్ నోట్లో పెట్టుకుని నిలబడే ఉన్నాను. ఈసారి పళ్ళు కొరకలేదు.

ఆట మళ్ళీ మొదలయ్యాక అటువైపు పరుగెత్తినప్పుడు చూశాను. కరీం జేబులోంచి చిన్న కత్తెర తీసి, తివాచీ అంచు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎనిమిదో పువ్వు విప్పుతున్నాడు. ఒక్కో ముడీ కత్తిరించి, నీలం ఊలు పక్కన పడేస్తున్నాడు. ఆట వైపు చూడడంలేదు. మళ్ళీ నేను అటు వచ్చేసరికి పువ్వు లేదు, దాని కింద ఉన్న తెల్లటి దారాలు మాత్రం కనిపిస్తున్నాయి. అతను చెప్పినట్టే బోడి మచ్చ పడింది.

కరీం తలెత్తి నన్ను చూశాడు.

"చాలండి మాస్టారూ. ఊదేయండి."

చేతి గడియారం చూసుకున్నాను. ఇంకా చాలా టైముంది. ఈ మనిషేనా నన్ను ఇన్నేళ్ళూ టైము కోసం పీక్కుతిన్నది? నేను ఏనాడూ ఎవరి కోసమూ ఒక్క నిమిషం అటూ ఇటూ చేసినవాణ్ణి కాదు. ఆ రోజు ఊదేశాను. ఊపిరి అయిపోయేదాకా ఊదాను, గుండెలు నొప్పి పుట్టేలా.

ఇదేమిటని ఎవరూ అడగలేదు. గూడెం కుర్రాళ్ళు నీళ్ళ సీసాల వైపు వెళ్ళిపోయారు. మన పదిమందీ ఉన్నచోటే కూలబడ్డారు. ఈ ఊళ్ళో గడియారం చూపించి నన్ను నిలదీసేవాడు ఒక్కడే ఉండేవాడు. అతను నాకు వీపు పెట్టి తివాచీ చుట్టుకుంటున్నాడు.