పురుగుల రూము

తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్ళి నేను పడుకున్నది హాల్లో. ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక చల్లని రూములో పురుగులు కాపురం ఉండేవి. ఎవరికి చెప్పినా నవ్వుతారు. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మా నాయన లారీ డ్రైవరు. నా చిన్నతనమంతా సండూరు వైపు గనుల నుంచి ఖనిజం తోలుతూ రోడ్ల మీదే గడిపాడు. ఇంటికొస్తే ఎర్రదుమ్ము కడుక్కుని పడుకునేవాడు. నేను ఏ క్లాసు చదువుతున్నానో అమ్మనడిగి తెలుసుకునేవాడు. నడుము చెడి లారీ మానేశాక కురుగోడులో ఇంటిపట్టున కూర్చుని, బళ్ళారి నుంచి ఒక జత ఫించ్ పిట్టలను తెచ్చుకున్నాడు. ఎర్ర ముక్కుల బుల్లి పిట్టలు. పిల్లలను లేపితే వాటికి గింజలు చాలవట, బతికున్న పురుగులు పెట్టాలట. మీల్‌వార్మ్‌లంటారు వాటిని. కొనడం దండగని ఇంట్లోనే పెంచడం మొదలుపెట్టాడు.

ప్లాస్టిక్ టబ్బుల్లో గోధుమ తవుడు, అందులో లుకలుకలాడే పసుపుపచ్చ పురుగులు, తడి కోసం క్యారెట్ ముక్కలు. మా ఊరి ఎండకు అవి తాళలేవని వెనక రూములో బండల మీద టబ్బులు పేర్చి, కిటికీకి కూలర్ బిగించాడు. "పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుండాది మీ నాయన యవ్వారం" అని అమ్మ ఫోన్లో నవ్వింది. నేనూ నవ్వాను. అప్పటికి నాకింకా నెల తప్పలేదు.

నిండు నెలలతో, నడి ఎండాకాలంలో, తెక్కలకోటలోని మా అత్తగారింటి నుంచి బస్సులో వచ్చాను. మా ఆయన నా సంచిని నేరుగా వెనక రూములో పెట్టబోతే, నాయన తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఆడ టబ్బులుండాయప్పా. బయట పెడితే ఎండకు సచ్చిపోతాయి. పిట్ట గుడ్లు పెట్టిండాది, రేపు పిల్లలకు పురుగులు కావాల. స్వల్ప అడ్జస్ట్ చేసుకోమ్మా, హాల్లో ఫ్యానుండాది కదా."

మా ఆయన నా ముఖంలోకి చూశాడు. నేను నవ్వి సరేనన్నాను. అల్లుడి ముందు పుట్టింటి పరువు కాపాడే పని కూడా కడుపుతో ఉన్నదానిదే.

మధ్యాహ్నాలు హాల్లో ఉడికిపోలేక ఆ రూములోకి వెళ్ళి గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. తలుపు తెరిచి పెట్టొద్దనేవాడు నాయన, చలవ పోతుందని. పురుగు ముదిరాక తెల్లగా ముడుచుకుని కదలకుండా పడి ఉంటుంది, తర్వాత నల్లటి పెంకుపురుగవుతుంది. ఆ ముడుచుకున్నవాటిని ఆయన చెంచాతో ఒక్కొక్కటే ఏరి వేరే డబ్బాలో పెట్టేవాడు. నాకు జడ వేయడం కాదు కదా, ఏనాడూ నా తల కూడా నిమరని చెయ్యి అది. ఎందుకలా వేరు చేస్తున్నావని అడిగాను.

"లేకుంటే పెద్దవి తినేస్తాయమ్మా. గుడ్లను గూడా ఇడిసిపెట్టవు. కన్నవే తింటాయి, సూడు!" అన్నాడు, ఎక్కడా లేని ఆశ్చర్యంతో.

"అవునా నాయనా" అన్నాను. ఇంకేమనాలి?

బళ్ళారి ఆసుపత్రిలో కూతురు పుట్టింది. ఇంటికొచ్చేసరికి గూట్లో పిట్టపిల్లలూ పుట్టాయి. బాలింతకు గాలి తగలకూడదు, నలుగురి కళ్ళూ పడకూడదు, రూము ఖాళీ చెయ్యమని అమ్మ పోట్లాడింది. పిట్టపిల్లలు ఎగిరేదాకా ఆగమన్నాడు. అమ్మ హాల్లో తాడు కట్టి పాత చీర వేలాడదీసింది. చీరకు ఇవతల నేనూ పాపా, అవతల కిటికీ దగ్గర పంజరం. నాయన రోజూ గిన్నెలో పురుగులు పట్టుకుని చీర పక్కనుంచే పోయేవాడు. ఒక్కసారైనా చీర పక్కకు జరిపి మనవరాలిని చూడలేదు.

ఒక మధ్యాహ్నం పాప గుక్కపట్టి ఏడుస్తుంటే అవతల నుంచి ఆయన గొంతు వినిపించింది.

"పాపను స్వల్ప ఊరుకోబెట్టమ్మా. బాలింత పిట్ట, బెదురుతాండాది."

బాలింత పిట్ట! నేనొచ్చిన దగ్గర్నుంచి ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు. అదీ పిట్టకు దక్కింది. చీరలో ముఖం దాచుకుని ఏడ్చాను. పాపకు ఐదో నెల వచ్చాక అత్తగారింటికి పోవలసినదాన్ని, నెల తిరక్కుండానే మా ఆయనను పిలిపించుకుని వెళ్ళిపోయాను. అమ్మ కళ్ళు తుడుచుకుంటూ ఒడిబియ్యం పోసింది. నాయన పంజరం దగ్గర నిలబడి జాగ్రత్త అన్నాడు.

ఈ ఎండాకాలం నాకు రెండో కాన్పు. మొన్న నాయనే ఫోన్ చేశాడు.

"ఈసారీ ఈడికే రామ్మా. పిట్టలు పోయినాయి. హాల్లో వేడికి తట్టుకోలేకపాయె."

హాల్లో వేడి సంగతి నాకు చెబుతున్నాడు. అయినా ఆ గొంతు విని మెత్తబడ్డాను. అబద్ధమెందుకు, వెళ్ళాలనిపించింది.

"అయితే రూము ఖాళీయేనా నాయనా?"



"పురుగులుండాయి కదమ్మా. ఇన్నాళ్ళు సాకినాను, పారెయ్యబుద్ధి కాలే. నువ్వు గ్యారంటీగా వస్తానంటే అప్పుడు తీస్తా."

పిట్టలే లేని ఇంట్లో పిట్టల మేతకు కూలర్ తిరుగుతోంది.

"వద్దులే నాయనా, ఉండనీ. చలవకు అలవాటైన ప్రాణాలు, హాల్లోకి తెస్తే సచ్చిపోతాయి" అన్నాను. నా గొంతులోని విషం నాకే వినబడింది.

ఆయనకు వినబడలేదు. "అదీ నిజమేలేమ్మా" అన్నాడు, బరువు దిగినట్టు.