ఏసమ్మ కొండ మీద పెట్టిన సభ

ఏసమ్మ మాట వినే మనిషి కాదు. ఊరంతా ఒకటై చెప్పినా వినదు. ముప్పై ఏళ్లుగా నాకీ సంగతి తెలుసు. అయినా మొన్న మార్చిలో ఆవిడ నా నోరు మూయించినప్పుడు కోపం వచ్చిన మాట నిజం.

కోటబొమ్మాళి నుంచి ఆటోలో అరగంట వెళ్తే మా ఊరు. కొండ వాలంతా జీడి తోటలే. మొగుడు పోయాక ఏసమ్మ నౌపడ ఉప్పుమళ్లకు వెళ్లి ఉప్పు మోసి కొడుకుని చదివించింది. కాళ్ల పగుళ్లలో ఉప్పు దిగి నడవలేని రోజుల్లో పాస్టరుగారు సాయం చేస్తామంటే, "నాకు సేతులున్నాయండి" అనేసింది. ఆ కొడుకే విక్టర్. మిషన్ బడిలో నా దగ్గరే లెక్కలు నేర్చుకున్నాడు. అంత గొప్పగా ఏమీ నేర్చుకోలేదు. పాడైన పంపుసెట్టు ముందు కూర్చోబెడితే మాత్రం అన్నం సంగతి మరిచిపోయేవాడు. హెలికాప్టర్ల మెకానిక్ అయ్యాడు. చివరికి చిలీ దేశం వెళ్లి, తగలబడే అడవుల మీద నీళ్లు కుమ్మరించే హెలికాప్టర్‌లో చేరాడు. కింద వేలాడే నీళ్ల సంచి నిండిందా, సరైన చోట తెరుచుకుందా అని కనిపెట్టుకుని ఉండడం అతని పని. కిందటేడు మార్చిలో పొగలో దారి తెలియక ఆ హెలికాప్టర్ కొండను గుద్దుకుంది. ఇద్దరు పైలట్లూ, మా విక్టరూ, ముగ్గురూ పోయారు.

ఏడాది తిరగబోతుంటే జ్ఞాపకార్థ కూడిక పెట్టాలనుకున్నాం. అందరికంటే ముందు నిలబడ్డవాడు ధనరాజ్. ఊళ్లో అందరికంటే పెద్ద జీడి తోట అతనిది, ఏసమ్మకి వరసకు మరిది. షామియానా, మైకు, శాలువా, ఊరి మొగలో నిలువెత్తు ఫ్లెక్సీ అన్నీ తానే చూసుకుంటానన్నాడు.

"అయ్యేటీ నాకొద్దు" అంది ఏసమ్మ. "ఈ ఏడు జీడి తోటల్లో ఎవులూ నిప్పెట్టొద్దు. అంతే."

మాకిది ఏటా ఉన్నదే. పిక్కలు రాలే ముందు చెట్ల కింద ఎండుటాకు ఊడ్చి అంటిస్తాం. రాలిన పిక్క కంటికి కనబడాలి కదా! ఆ నిప్పు గాలికి పైకి పాకి కొండ గడ్డినీ పొదల్నీ కాల్చేస్తుంది. రెండు రోజులు దగ్గుతాం, మూడోనాటికి మరిచిపోతాం. నాకూ అరెకరం ఉంది, నేనూ అంటించినవాణ్ణే.

"ఊడ్సి గోతిలో కప్పెట్టండి. ఎరువవతాది" అంది.

"నీ మాట కాదంతానా వదినా" అన్నాడు ధనరాజ్, అందరి ముందూ. షామియానా, ఫ్లెక్సీ మాత్రం మానలేదు.

కూడిక రోజు పొద్దున్న ఏసమ్మ ఫ్లెక్సీ చూసింది. 'పైలట్ విక్టర్' అని ఉంది. డబ్బు ధనరాజ్ ది, మాటలు రాయించింది నేనే.

"మాస్టారూ, మా ఓడు పైలట్టు కాడు. పైలట్లు ఏరే ఇద్దరున్నారు. ఆళ్ల అమ్మలూ ఏడుస్తన్నారు. ఆళ్ల కుర్సీలో మా ఓణ్ణెందుకు కూకోబెట్టినారు?"

"ఊరికి గౌరవం కదమ్మా" అన్నాను.

"మెకానిక్కంటే మీకు సిగ్గా?"

నాకు కోపం వచ్చింది ఇక్కడే.

పాటలయ్యాయి, బైబిల్ వాక్యం అయింది. ధనరాజ్ మైకందుకుని, అగ్నితో పోరాడిన వీరుడని మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే అతని వెనక కొండ మీద పొగ లేచింది. తోట అతనిదే. ఊరంతా షామియానా కింద ఉంటుంది, ఎవరి కంటా పడదని, ఆకు అంటించమని ముందు రోజే కూలీలకు పురమాయించాడు. గాలి ఎటు వీస్తుందో మాత్రం చూసుకోలేదు.

అందరం చూశాం, చూసి పాటల పుస్తకాల్లోకి తలలు దించాం. ఎంత సిగ్గులేని జాతో మాది! ధనరాజ్ వెనక్కి తిరగకుండా శాలువా విప్పి ఏసమ్మ భుజాల మీద కప్పాడు. ఆవిడ శాలువా తీసింది. తాగడానికి పెట్టిన నీళ్ల డ్రమ్ములో ముంచింది. పిండనైనా పిండకుండా భుజాన వేసుకుని కొండవైపు నడిచింది.

"వదినా, ఎక్కడికి?"

"మా ఓడి పనికి."

ముందుగా లేచింది గున్నమ్మ, ఏసమ్మతో కలిసి ఉప్పు మోసిన మనిషి. ఒక నీళ్ల టిన్ను నెత్తికెత్తుకుంది. పాస్టరుగారు తెల్లచొక్కా చేతులు మడిచారు. ఆ తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో నాకు తెలియదు. ధనరాజ్ కూడా వచ్చాడు, రాక చస్తాడా!

మంట మీద కొట్టిన నాలుగు దెబ్బలకే శాలువాకు చిల్లులు పడ్డాయి, పేరుకే పట్టు. ఏసమ్మ దాన్ని విసిరేసి పచ్చికొమ్మ విరిచింది. "మంట మీద పడకండి, దానికి ముందరెల్లి ఆకు ఊడ్సండి, నేల కనబడాల!" అని అరిచింది. విక్టర్ ఫోన్‌లో చెప్పేవాడట, పైనుంచి ఎంత నీళ్లు పోసినా కింద మనుషులు అలా బాట చెయ్యకపోతే లాభం లేదని. రెండు గంటలు కొట్టాం. నిప్పు ధనరాజ్ తోట గట్టు దగ్గరే ఆగింది. పైన కొండ పచ్చగానే ఉంది.

మసి మొహాలతో కూలబడ్డాం. నీళ్లన్నా తాగనివ్వలేదు ఆ మహాతల్లి.

"ఇప్పుడెట్టండి కూడిక. ముగ్గురి పేర్లూ సెప్పాల. రోద్రిగో, మతియాస్, విక్టర్."

ఆ పైలట్లిద్దరి పేర్లూ ఏడాదిగా రోజూ ప్రార్థనలో చెబుతోందట. ఒక్కొక్కరం చెప్పాం. నాకు రెండోసారికి గానీ కుదరలేదు. ధనరాజ్ వంతు వచ్చింది. "విక్టర్" అని ఆగిపోయాడు. మిగతావి నోటికి రాలేదు. కళ్లలో నీళ్లు, పొగకో దేనికో.

"ఆకలేస్తన్నాది, కిందికెల్లి సెప్తాను వదినా" అన్నాడు.

"ఎవులం లెగం. పేర్లు నోటికొచ్చిందాకా ఇక్కడే" అంది ఏసమ్మ.

"రొడ్రిక్కో" అన్నాడు.

ఏసమ్మ చేతిలో ఇంకా రగులుతున్న కొమ్మను మట్టిలో గుచ్చి ఆర్పింది.

"మళ్లీ సెప్పు."