రొయ్య మాటెత్తని తొమ్మిది గంటలు

కొత్తగా పెళ్లయిన రోజుల్లో మనిషికుండే తెలివి తలుచుకుంటే నాకిప్పుడు బోలెడంత జాలి వేస్తుంది. అప్పట్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. మొగుణ్ణి ఒక్క రోజు, ఒకే ఒక్క రోజు, రొయ్యల గుంటలకి దూరంగా కూర్చోబెట్టగలిగితే చాలు, ఇక జీవితమంతా సుఖమేనని. (నవ్వకండి. మీకూ ఇలాంటిదొకటి ఉండే ఉంటుంది.) మాది అల్లూరు దగ్గర. ఊరు దాటితే గుంటలే. మా నాయన నా చిన్నతనమంతా గుంట కట్టమీదే గడిపేశాడు. అన్నం క్యారియరు తీసుకెళ్తే ఏ క్లాసు చదువుతున్నావని అడిగేవాడు, పోయినవారం అడిగిన సంగతి మర్చిపోయి. అందుకే పెళ్లిచూపులకి వచ్చినాయన రొయ్యల టెక్నీషియన్ అనగానే నా మొహం మాడిపోయింది. అయినా మనిషి నచ్చాడు, ఏం చేస్తాం. పెళ్లయిన మూడోనాడే, ఎవరి గుంటలోనో రొయ్యలు చచ్చి తేలుతున్నాయని ఫోనొస్తే, విస్తరి ముందునుంచి లేచి పోయాడు. తర్వాతి నలభై రోజుల్లో మేమిద్దరం మాట్లాడుకున్నదంతా రాస్తే ఒక కార్డు కూడా నిండదు.

అంతలో ఆయనకి ఒమన్‌లో ఒక రొయ్యల ఫారంలో ఉద్యోగం వచ్చింది. నన్నూ తీసుకెళ్తున్నాడు గానీ, దిగిన మర్నాడే డ్యూటీ, ఏడాదిదాకా సెలవు లేదు. చెన్నైలో ఎక్కి కొలంబోలో విమానం మారాలి. మధ్యాహ్నం పన్నెండుకి దిగితే రాత్రి తొమ్మిదికి గానీ రెండోది లేదు. అయ్యో, అంతసేపు పడిగాపులా అని అందరూ జాలిపడుతుంటే నేను లోలోపల పండగ చేసుకున్నాను. మా వైపు సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడే గానీ, మునగడం మాత్రం పొలాల వెనకే. లంకలో పడమటి ఒడ్డున సముద్రంలోనే మునుగుతాడని మ్యాపు చూసి కనిపెట్టాను. ఆయన పక్కన కూర్చుని అది చూడాలి. అదే నా హనీమూను. విమానంలోనే ఒట్టు వేయించుకున్నాను.

"ఈ తొమ్మిది గంటలూ రొయ్య మాట ఎత్తకూడదు."

"సరే మే," అన్నాడు, బెల్టు సర్దుకుంటూ.

మాట మీద నిలబడ్డాడు, పాపం. మధ్యాహ్నం హోటల్లో మేం అడక్కుండానే రొయ్యల కూర పెట్టారు. కంచంలో పడ్డదాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, తోక ఎత్తి చూసి, నా కళ్లు చూసి, గబుక్కున నోట్లో వేసుకున్నాడు. ఆ తర్వాత కొబ్బరిచెట్ల గురించి మాట్లాడాడు. రెండు వాక్యాలకి అవీ అయిపోయాయి. ఇక ఎండ గురించి. నేనూ ఏం మాట్లాడాలో తెలియక కొంగు సర్దుకుంటూ కూర్చున్నాను. రొయ్యలు తీసేస్తే మా మధ్య ఇంత ఖాళీ ఉంటుందని నేను అనుకోలేదు. కాస్త భయం కూడా వేసింది.

అయిదు దాటాక సముద్రానికి ఆటో మాట్లాడుకున్నాం. ఆటో ఆయనకి తమిళం వచ్చు. మా అవ్వ కంటి ఆపరేషన్‌కి చెన్నైలో నెలరోజులుండి నేర్చుకున్న తమిళం నాదీ ఉంది. ఇంకో పావుగంట అక్కా, అన్నాడు. అప్పుడు కనిపించింది, రోడ్డు పక్కన కొబ్బరిచెట్ల సందులోంచి, ఒక రొయ్యల గుంట. నీళ్లలో గాలి కలిపే చక్రాలు నాలుగూ ఆగి ఉన్నాయి.

మా ఊళ్లో ఒక కట్టుబాటుంది. ఆగిన చక్రం కంటబడితే, మాటల్లేని దాయాదుల గుంటైనా సరే, కేక వెయ్యాలి. ఎవరూ పలక్కపోతే మనమే పోయి స్విచ్చి వెయ్యాలి. గాలాడకపోతే గంటలో పంటంతా తేలిపోతుంది. నేను కేకా వేశాను, ఆటో ఆగీ ఆగకముందే దూకాను, చీర ఎగ్గట్టి కట్టమీద పరిగెత్తి, షెడ్డులో కనిపించిన స్విచ్చిలన్నీ టపటపా వేసేశాను. మేత చల్లేటప్పుడు చక్రాలు ఆపుతారని నాకు పలక పట్టకముందే తెలుసు. ఆ క్షణాన మాత్రం ఎందుకో గుర్తు రాలేదు. షెడ్డు చాటున తెప్ప మీద నిలబడి, నిమ్మళంగా మేత చల్లుకుంటున్న పెద్దాయన ఒకడు నిలువునా తడిసిపోయి, తెప్పతో సహా గిర్రున తిరిగాడు.

ఒడ్డుకొచ్చి ఆయన తిట్టిన తిట్లు నాకు అర్థం కాలేదు. ఏమంటున్నాడని ఆటో ఆయన్ని అడిగితే, "వద్దులే అక్కా," అన్నాడు. మా ఆయన ఆటో పక్కనే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అట్లా చూస్తారేంది? వచ్చి చెప్పండి."

"చెప్పొచ్చా? మధ్యలో రొయ్య మాట వస్తది మే."

"వస్తే రానీండి."

చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని కట్టెక్కాడు. పెద్దాయనకి దణ్ణం పెట్టి, మేత తింటున్నాయో లేదో చూసే జల్లెడ పైకి లాగి, ఒక రొయ్యని వెలుతురుకి ఎత్తి పట్టి, దాని నిండు పేగు చూపించి బొటనవేలు ఎత్తాడు. పెద్దాయన కోపం అక్కడే సగం దిగింది. మిగతా సగం టీ కాచేలోపు దిగింది. తాటిబెల్లం ముక్క కొరుక్కుంటూ ఒకాయన తెలుగులో, ఒకాయన సింహళంలో రొయ్యల రోగాల గురించి అరగంట మాట్లాడుకున్నారు. కొబ్బరిచెట్ల వెనక ఆకాశం ఎర్రబడింది, నల్లబడింది. నా సూర్యుడు నేను లేకుండానే మునిగాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

"నాకు ముందే కనబడింది," అన్నాడు మెల్లగా. "మేత టైమని తెలుసు. చెప్దామంటే ఒట్టేయించుకుంటివి."

"నేను దూకుతుంటే ఆపొచ్చు కదా?"

"చెయ్యెత్తినా. నువ్వు గుంట కోసం అట్లా పరిగెత్తతా ఉంటే ఆపబుద్ధి కాలేదు. ఈ పిల్లకి గుంటలంటే పడదు, ఇంక నేనేం పడతానని నలభై రోజులుగా అనుకుంటా ఉండా. నాకు ఇంకేం మాట్లాడను వచ్చు మే?"

అంత పెద్ద మాట ఆయన అంతకుముందు నాతో మాట్లాడలేదు. నేను కళ్లు తుడుచుకున్నాను. ఆయన వైపు తిరిగాను.

"ఆ రొయ్యలు కిలోకి ఎన్ని తూగుతాయంటారు?"

"అరవై."

"నలభై."

ఎయిర్‌పోర్టు వచ్చినా తెగలేదు. పాస్‌పోర్టుల వరసలోనూ తెగలేదు. పట్టుచీర అంచుకి బురద, పెద్దాయన పొట్లం కట్టిచ్చిన బెల్లం చేతిలో, ముందున్నవాళ్లు వెనక్కి తిరిగి చూస్తున్నా పట్టించుకోకుండా మొగుడితో వాదిస్తున్న ఆ పిల్లకి సూర్యుడి సంగతే గుర్తులేదు. ఇన్నేళ్ల తర్వాత ఆ పిల్ల ఎదురుపడితే దగ్గరికి తీసుకోవాలనిపిస్తుంది. తీసుకుని, నువ్వన్నదే నిజం అని చెప్పాలి. ఈయన ఇప్పటికీ ఒప్పుకోడు గానీ, అంత లావు రొయ్యలు కిలోకి అరవై ఎట్లా తూగుతాయి?