మేస్త్రి గారి తిట్లు

ఈ ఉదయం గుడివాడలో మా మెకానిక్ షాపు ముందు ఒక పాత అంబాసిడర్ ఆగింది. బానెట్ ఎత్తగానే, జారుతున్న బెల్టు నుంచి కాలిన రబ్బరు వాసన గుప్పుమంది. ఆ వాసనతో బందరులో మా మేస్త్రి గారి షెడ్డు గుర్తొచ్చింది. బాటరీకి చార్జింగు ఎక్కడం లేదని బండి వస్తే ఆయన ముందు బెల్టును వేలితో నొక్కి చూసేవారు. తర్వాత డైనమో సంగతి. చివరికి, బాటరీని కారు బాడీకి కలిపే ఎర్త్ తీగ బోల్టు విప్పి గీకేవారు. సముద్రపు గాలికి ఆ బోల్టు కింద తుప్పు పట్టని కారు బందరులో ఉండదనేవారు.

ఆయన దగ్గర పని నేర్చుకున్నది నేనూ, నాగాయలంక నుంచి వచ్చిన ఝాన్సీ. వాళ్ళ నాన్న పడవ ఇంజన్లతో కుస్తీ పట్టి వచ్చిన మనిషి ఆమె. మాది గుమాస్తాల ఇల్లు. అందుకేనేమో మేస్త్రి గారు నన్ను "రండి" అని పిలిచి స్టూలు చూపించేవారు. ఆమెను మాత్రం పొద్దస్తమానం తిట్టేవారు. బోల్టు వదులుగా ఉన్నా తిట్లే, మరీ బిగిసినా తిట్లే. ఆయన ఎవరిని తిడితే వాళ్ళకే పని వస్తుందని ఊళ్ళో డ్రైవర్లందరికీ తెలుసు. నా పనిని ఒక చూపు చూసి బాగుందనేవారు. మొదట్లో ఉబ్బిపోయాను. తర్వాత తర్వాత కడుపు మండేది. ఒకసారి ఈ తిట్లు పడలేకపోతున్నానని ఝాన్సీ కళ్ళు తుడుచుకుంటే, ఓదార్చాల్సింది పోయి ఆ ఏడుపుకు కూడా కుళ్ళుకున్నాను.

ఒకరోజు పెళ్ళిళ్ళకు తిప్పే అంబాసిడర్‌ను నాకు అప్పగించారు. బెల్టు బిగించి, డైనమో బ్రష్షులు మార్చాను. చార్జింగు మీటరు ముల్లు చక్కగా లేచింది. ఎర్త్ బోల్టు పైకి శుభ్రంగానే కనబడితే విప్పలేదు. ఆ సాయంత్రమే కారు పామర్రు సెంటర్లో ఆగిపోయింది. పెళ్ళికొడుకు బాసికంతో ఆటో ఎక్కాల్సి వచ్చింది.

మర్నాడు షెడ్డుకు భయపడుతూ వెళ్ళలేదు, ఆశగా వెళ్ళాను. ఇన్నాళ్ళకు నా వంతు వచ్చిందనుకున్నాను. మేస్త్రి గారు బోల్టు విప్పి, కింద పేరుకున్న తుప్పు చూసి, నా వైపు తిరిగారు.

"పర్లేదులెండి. ఎవరికైనా జరుగుద్ది."

తర్వాత ఝాన్సీని పిలిచారు.

"పక్కనే ఉండి గాడిదలు కాస్తున్నావటే? ఆయన వదిలేస్తే నువ్వు చూసుకోవద్దూ? రేపు ఈ షెడ్డు నీ చేతిలో పెడితే ఇట్టాగే తగలేస్తావా?"

ఆమె తల వంచుకుని నిలబడింది. షెడ్డు ఆమెకే వెళ్తుందని నాకు అప్పుడే తెలిసింది. దానికి పెద్దగా బాధపడలేదు. తప్పు నేను చేస్తే తిట్టు ఆమెకు పోయిందే, అది మాత్రం మింగుడుపడలేదు.

మేస్త్రి గారు పోయి చాలా కాలమైంది. ఎర్త్ బోల్టు విప్పి చూడకుండా నేను ఏ బండినీ పంపను. ఝాన్సీ అప్పుడప్పుడు ఫోన్ చేసి, ఆయన తిట్లను ఆయన గొంతుతోనే అప్పజెప్పి నవ్విస్తుంది. నేనూ నవ్వుతాను. వాటిలో ఒక్కటీ నాది కాదు.