సగంలో విడిపోయే రైలు

కువైట్‌లో రైలు లేదు. సల్వాలో నేను పనిచేసిన ఇంట్లో నాలుగు కార్లుండేవి. పక్క వీధికి వెళ్లాలన్నా డ్రైవర్ రావాల్సిందే. అలాంటివాళ్లకి ఒక వేసవిలో యూరప్ దేశాలు రైల్లో తిరగాలని బుద్ధి పుట్టింది. యజమానిని బాబా అని, ఆయన భార్యని మామా అని పిలిచేవాళ్లం. వాళ్లిద్దరూ, ముగ్గురు పిల్లలు, బాబా వాళ్లమ్మ. ఆవిడని పెద్ద మామా అనేవాళ్లం. ఆవిడ మోకాళ్లు అరిగిపోయాయి, చెయ్యి పట్టుకుని నడిపించడానికి నన్నూ తీసుకెళ్లారు.

ఆస్ట్రియా, జర్మనీ, స్విట్జర్లాండ్, ఇటలీ. మావాళ్లు కొండలెలా ఉన్నాయని అడుగుతారు. కొండలు సినిమా పాటల్లో చూసినవే. నేను చూసింది బాబావాళ్ల అవస్థ. రైలు ఆగాక తీరిగ్గా లేచి చెప్పులు వెతుక్కునేవాళ్లు. సామాన్లు ఎవరో వచ్చి దింపుతారని ఎదురుచూసేవాళ్లు. ఊహ తెలిసినప్పట్నించీ సామర్లకోటలో జనరల్ పెట్టెలు ఎక్కి దిగినదాన్ని, నాకు నవ్వు ఆగేది కాదు. పైకి నవ్వితే పని ఊడుతుందని తల దించుకుని పెద్ద మామా తొడుక్కున్న నల్లటి అబాయా సర్దేదాన్ని.

జర్మనీలో స్విట్జర్లాండ్ రైలెక్కినప్పుడు ముందు పెట్టెలో అందరికీ చోటు చాల్లేదు. బాబా పెద్ద మామానీ నన్నూ వెనకెక్కడో ఒక పెట్టెలో కూర్చోబెట్టి, మా టికెట్లు నా చేతిలో పెట్టాడు. పాస్‌పోర్టులు మాత్రం ఆయన సంచిలోనే ఉన్నాయి.

"ఇక్కణ్ణించి కదలొద్దు. దిగేటప్పుడు నేనే వస్తాను," అని వెళ్లిపోయాడు.

గంట తర్వాత పెద్ద స్టేషన్లో ఆగింది. మైకులో ఏదో చెప్పారు, అర్థం కాలేదు. ఇంతలో పెట్టె ఒక్క కుదుపు కుదిపి ఊరుకుంది. ఆ కుదుపు నాకు తెలుసు. హైదరాబాద్ బండిని సామర్లకోటలో విడదీసేవాళ్లు, కొన్ని పెట్టెలు కాకినాడకి, మిగతావి విశాఖపట్నానికి. పెళ్లైన కొత్తలో పెట్టె బోర్డు చూడకుండా ఎక్కి, కాకినాడ వెళ్లాల్సినదాన్ని తునిలో తేలాను. దానికి మా అత్తగారు పదేళ్లు దెప్పింది.

దిగి బోర్డు చూశాను. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలను. బోర్డు మీద ఊరు, టికెట్ మీద ఊరు ఒకటి కాదు.

"లేవండి మామా. ఈ పెట్టె వేరే ఊరికి పోతుంది."

"నా కొడుకు కదలొద్దన్నాడు."

"బాబాకి తెలియదు మామా."

నేను పనిచేసిన ఎనిమిదేళ్లలో ఆ ఇంట్లో ఆ మాట అన్నవాళ్లు లేరు. ఆవిడ మొహం ఎర్రబడింది. నేను పొరపడితే నన్ను ఇండియా పంపేస్తారు. నా అనుమానం నిజమై, నోరు మూసుకుని కూర్చుంటే, పాస్‌పోర్టు లేకుండా ముసలావిడతో ఏ దేశంలో తేలతానో తెలియదు. "యల్లా మామా, పదండి," అని చంకల కింద చేతులేసి లేవదీశాను. ఆవిడ తిడుతూనే ఉంది, నేను నడిపిస్తూనే ఉన్నాను.

ప్లాట్‌ఫారం పొడుగునా నడిచి ముందు పెట్టె ఎక్కామో లేదో రైలు కదిలింది. బాబా మండిపడ్డాడు.

"కదలొద్దని చెప్పానా లేదా?"

రైలు మలుపు తిరుగుతుంటే కిటికీలోంచి వెనక్కి చూపించాను. సగం రైలే మాతో వస్తోంది. మిగతా సగం ప్లాట్‌ఫారం దగ్గరే నిలబడి ఉంది. ఆయన కిటికీకి మొహం ఆనించి చూశాడు.

"నీకు తెలియదని ఈ పిల్ల అంది. నిజమే," అంది పెద్ద మామా, రొప్పుతూనే.

తర్వాతి స్టేషన్లో రైలు మారాలి. బాబా టికెట్లన్నీ నా ముందు పట్టుకుని, "ఏ పెట్టె?" అని అడిగాడు. మామా, పిల్లలు, అందరూ నా వైపే చూస్తున్నారు. గర్వంగా ఉంది, దాచుకోవడం ఎందుకు? ఏ పెట్టో మొదటి చూపులోనే తెలిసిపోయింది. అయినా ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు వేసి, ప్రతి బోర్డూ తాపీగా చదివాను. సూట్‌కేసులు తనే మోసుకుంటూ బాబా నా వెనకాలే నడిచాడు.