రాణి ఎక్కడ కూర్చున్నది

మా ముత్తాత పదకొండు ఊళ్ళకు దేశ్‌ముఖ్. తాతకు నిజాం కచేరీలో కుర్చీ వేసేవారు. నాన్న సిరిసిల్ల తాలూకాలోని మా ఊళ్ళో కోటలాంటి మా గడి అరుగు మీద కూర్చుని తగవులు తీర్చేవాడు. ఆయన ఎదుట ఇంకెవరూ కూర్చునేవారు కాదు. మా ఇంట్లో ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నది చాలా పెద్ద విషయం. అది తెలియకపోతే మా మేనత్త అడిగిన ప్రశ్న అర్థం కాదు.

అత్తమ్మ పద్దెనిమిదేళ్ళకే భర్త పోయి గడికి తిరిగి వచ్చింది. పరదా దాటి ఎరగదు. తెర అవతల కూర్చుని పాఠం చెప్పే పంతులు దగ్గర ఇంగ్లీషు నేర్చుకున్నది. నాన్నకు హైదరాబాదు బడిలో బహుమతిగా వచ్చిన బొమ్మల పుస్తకం ఒకటి ఆమె చేతికి చిక్కింది. రాతిలో దిగిన కత్తిని లాగి రాజైనవాడి కథ అది. ఆయన వీరులంతా ఎక్కువ తక్కువలు లేకుండా గుండ్రటి బల్ల చుట్టూ కూర్చుంటారు. రాణి ఆ వీరుల్లో ఒకణ్ణి ప్రేమిస్తుంది. రాజ్యం కూలిపోతుంది. ఆమె మఠంలో చేరి సన్యాసిని అవుతుంది. అత్తమ్మ నాకు ఇదంతా చెప్పి, చివర ఒకే మాట అడిగింది.

"అందరికి కుర్చీలున్నయి గదా. మరి రాణి ఏడ కూసున్నదిరా?"

బొమ్మలన్నీ వెతికాను. ఎక్కడా లేదు.

ఆ తర్వాతే ఆమె, రాణి తానే చెప్పుకున్నట్టుగా, ఆ కథను నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టింది. ఆ వీరుల గుంపుకు నిఘంటువులో వెతికి 'దళం' అని పేరు పెట్టింది. నేను నవ్వితే, మారేడు దళంలో మూడాకులు కలిసి ఉండవా, ఇదీ అంతే అన్నది.

మా ఆడవాళ్ళు అంగడికి పోయేవారు కాదు గనుక ఏడాదికి రెండుసార్లు సిరిసిల్ల నుంచి నేత పని చేసే ఒక సాలామె చీరల మూట తెచ్చేది. ఒకసారి ఆమె ఆ నోటుబుక్కును అడిగి పట్టుకుపోయింది. వాళ్ళ వాడలో ఆడవాళ్ళు నూలు కండెలు చుడుతుంటే పైకి చదివి వినిపించిందట. తిరిగి తెచ్చినప్పుడు చివరి పేజీల్లో నీలం సిరాతో కొత్త రాత కనిపించింది.

"మీ రాణి ఊకె ఏడుస్తది దొరసానీ. మావోళ్ళు ఒప్పుకుంటలేరు" అన్నది. "మఠంల కూసోబెడితే కూడెవలు పెడుతరు? అందుకే రాట్నం ఇచ్చినం."

అత్తమ్మ కోపంతో రెండు రోజులు ఆ పుస్తకం ముట్టలేదు. మూడో రోజు, రాణికి కండె చుట్టడం రాలేదనీ, నూలంతా తెగిపోయిందనీ రాసింది. దానికి వాడ నుంచి జవాబు వచ్చింది. కథలో మంత్రాలు నేర్చిన రాజు అక్క ఒకామె ఉన్నది, ఆమెను మంత్రగత్తె అనాలా వద్దా అని అక్కడ రెండు జట్లయి మాటలు మానుకున్నారని కూడా సాలామె చెప్పింది. అట్లా ఏళ్ళ తరబడి ఆ రాణి గడికీ సాలె వాడకూ మధ్య తిరిగింది.

మా పొలాల్లో నక్సలైట్లు ఎర్రజెండాలు పాతినాక గడికి తాళం వేసి కోరుట్లలో ఇల్లు తీసుకున్నాం. ఏడాది తిరగకుండానే నాన్న పోయాడు. ఇరవై నాలుగేళ్ళకు నేను ఇంటి పెద్దనయ్యాను. సాలామె బస్సులు మారి కోరుట్లకు కూడా వచ్చేది.

ఒక పొద్దున ఇంటి ముందు జీపు ఆగింది. సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన ఎస్సై మర్యాదగా చాయ తాగి, సంచిలోంచి ఆ నోటుబుక్కు తీశాడు. సాలె వాడ సోదా చేస్తే దొరికిందట. సాలామెను స్టేషన్‌లో కూర్చోబెట్టి రెండు రోజులయిందట. రాత దొరల ఇంటిదని ఆమె చెబుతున్నదట.

"దొరా, పేజీకొక దళం ఉన్నది గిండ్ల. దళంల అందరు సమానమని రాసిన్రు. రాజ్యం కూలుతదని రాసిన్రు. గీ రాత మీ ఇంట్లదేనా?"

అవునంటే చాలు, ఆమెను వదిలేస్తాడు. కానీ అవునంటే అత్తమ్మ పేరు పోలీసు కాగితాల్లోకి ఎక్కుతుంది. పరాయివాణ్ణి కోరుకున్న రాణి కథను మా ఇంటి విధవ రాసిందని నలుగురూ చెప్పుకుంటారు. నాకు అక్షరాలు దిద్దబెట్టిన చేతిరాత అది.

"మా ఇంట్ల ఆడోళ్ళు కథలు రాయరు" అన్నాను.

పరదా వెనక గచ్చు మీద ఒక అడుగు వెనక్కి పడ్డది. విన్నాను.

జీపు వెళ్ళాక అత్తమ్మ బయటికి వచ్చి, సిరిసిల్ల బస్సు ఎక్కడ ఆగుతుందని అడిగింది. నేను లోపలికి వెళ్ళిపోయాను. పక్కింటివాళ్ళను అడిగి తెలుసుకుని ఒక్కతే పోయింది. చీకటి పడకముందే తిరిగి వచ్చింది. నోటుబుక్కు చంకలో ఉన్నది.

"ఎస్సై కుర్చీ ఏసిండు. కూసున్న" అన్నది. "ఆయన ముంగట్నే ఒక పేజీ రాసిచ్చిన. రెండు రాతలు పక్కపక్కన పెట్టి చూసి ఆమెను ఇడిసిపెట్టిండు." "నువ్వు ఎరుగని రాత కాదు గదరా" అన్నది.

ఆ తర్వాత తొమ్మిదేళ్ళు బతికింది. రోజూ నాకు అన్నం వడ్డించింది. కథ మాత్రం మళ్ళీ చెప్పలేదు. నేను ఇంట్లో లేనప్పుడు సాలామె వచ్చి పోతుండేదని పక్కింటివాళ్ళు చెప్పారు.

అత్తమ్మ పోయాక ఆమె పెట్టెలో ఆ నోటుబుక్కు దొరికింది. చివర్లో కొత్తగా ఒక కాపలావాడు వచ్చాడు. కోట దర్వాజ దగ్గర నిలబడి ఉంటాడు. చిన్న వయసు, నిటారు వీపు. రాణి లోపల ఉన్నదా అని ఎవరో అడిగితే, మా ఇంట్లో రాణి లేదంటాడు. ఆ వాక్యం సగం అత్తమ్మ రాతలో ఉన్నది, సగం నీలం సిరాలో ఉన్నది. రాజుకూ రాణికీ ఇద్దరూ కలిసి ముగింపు రాశారు. వాడికి రాయలేదు. తర్వాతి పేజీలన్నీ ఖాళీ.

కోరుట్ల ఇంట్లో పరదాలు తీసేసి చాలా ఏళ్ళయింది. అయినా ఎవరైనా వచ్చి, ఇంట్లో ఎవరున్నారని వాకిట్లో నిలబడి అడిగితే, నా వెనక గచ్చు మీద ఆ అడుగు పడుతుంది. తిరిగి చూడను.

మొన్న ఎండాకాలం గడి పెద్ద దర్వాజను చౌకట్లతో, గొళ్ళెంతో సహా జగిత్యాల టేకు వ్యాపారికి అమ్మేశాను.