చేపల గడ్డాలెత్తిన మా మరిది

ఏమర్రా, ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో తిరుగుతున్నారు. మీ తాత ఏం తినేవాడు, ఎలా నవ్వేవాడు, నన్నేమని పిలిచేవాడు, అన్నీ అడిగారు. ఆ గోడ మీది ఫోటోలో తాత పక్కన నిలబడి, కెమెరా వైపు కాకుండా చేతిలో చేప వైపు చూస్తున్న మనిషెవరని ఒక్కరన్నా అడిగారా? మీవి కళ్ళా, గాజు గోళీలా? ఫోన్లు పక్కన పడేసి కూర్చోండి.

వాడు మా మరిది. మీకు చిన్నతాత. నేను కాపురానికొచ్చేనాటికి వాడికి పన్నెండేళ్ళు. అందుకే నాకు ఎప్పటికీ వాడే, ఆయన కాలేదు. వాడికున్నది ఒకటే పిచ్చి. చేప కనబడితే చాలు, గడ్డం ఎత్తి చూడాల్సిందే. మనిషి ఎదురైతే తల వంచుకుని గోడవారగా పోయేవాడు. చేప ఎదురైతే మాత్రం చూపుడువేలు తిన్నగా దాని గడ్డం కిందకి పోయేది.

అన్ని చేపలూ కాదులెండి, గులివిందలు. వేలెడంత ఎర్రచేప. గడ్డం కింద మేకపోతుకున్నట్టు రెండు పోగులు వేలాడుతుంటాయి, వాటితో ఇసుక కెలికి పురుగులు ఏరుకుంటుంది. మన కంటికి అన్నీ ఒకటే. వాడి కంటికి అయిదు రకాలు. మెళ్ళో నల్లదారానికి కట్టిన భూతద్దం తీసి, చేపని ముక్కుకి ఆనించుకున్నంత దగ్గరగా చూసి, తల అడ్డంగా ఊపి ఒకటే మాట: "ఇది అది కాదు వదినా."

ఏది ఏది కాదో నాకేం తెలుసు? నేను బజారులో చేపలమ్ముకునేదాన్ని. వాడన్నా పెద్ద చదువరా అంటే, రేవు దగ్గర చేపల ఆఫీసులో సీసాలు కడిగేవాడు. చదువుకున్నవాళ్ళు చేపల్ని మందునీళ్ళలో పెట్టి దాచుకునే సీసాలు.

ఒకరోజు పొద్దున్నే రొట్టెకి రాసుకుందామని జామ్ సీసా తీశాను. లోపల్నుంచి రెండు కళ్ళు నన్నే చూస్తున్నాయి! నేను పెట్టిన కేకకి పక్కింటాయన సగం గడ్డం గీసుకున్న మొహంతో పరిగెత్తుకొచ్చాడు.

"ఒరేయ్, జామ్ ఏదిరా?"

"తినేశాను వదినా."

"సీసా నిండానా? నీకు తీపంటే పడదు కదరా!"

"పడదు. కానీ సీసా కావాలిగా."

విన్నారా? సీసా కోసం అరకిలో జామ్ కళ్ళు మూసుకుని మింగాడు. ఆ సీసాని తలగడ పక్కనే పెట్టుకుని పడుకునేవాడు. ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఇదొక ఎత్తయితే, మా వియ్యంకుడు మొదటిసారి భోజనానికొచ్చినప్పటి సంగతి ఒక ఎత్తు. వేయించిన చేపలు వడ్డించాను. పాపం ఆయన తోక తుంచి నోట్లో పెట్టుకోబోతుంటే మా మరిది ఎదురుగా లేచి నిలబడి, "బావగారూ, మింగకండి!" అని అరిచాడు.

ఆయనకి పొలమారింది. "ఏంటండీ, విషమా?"

"కాదండీ. తోక చారలు చూడలేదు నేను."

చూడలేదట! ఆయన చేతిలోంచి తోక లాక్కున్నాడు, కంచంలోంచి తలకాయ తీసి గడ్డం ఎత్తాడు, భూతద్దం పెట్టి చూశాడు. "ఇది అది కాదు. తినండి" అని మళ్ళీ కంచంలో పెట్టాడు. నాకు భూమిలోకి దిగిపోదామనిపించింది. వియ్యంకుడు ఆ తర్వాత రెండేళ్ళు మా ఇంట్లో కూరగాయలే తిన్నాడు.

ఇక నా కొట్టు దగ్గర వాడు చేసిన నిర్వాకం చెప్పనా? ప్రతి సోమవారం ఆఫీసుకి పోతూ వచ్చి, నా బుట్ట ముందు గొంతుక్కూర్చునేవాడు. ఒకావిడ బేరం కుదిరి సంచి తెరిచింది. వీడు చేప గడ్డం ఎత్తి, "ఇది అది కాదు" అన్నాడు. ఆవిడ సంచి మడుచుకుని పోయింది.

"నీ నోరు పడిపోను! చేప పాడైందనుకుందిరా!"

"చేప బాగుంది వదినా. నువ్వు చెప్పిన పేరే తప్పు."

పైగా వెళ్తూ వెళ్తూ ఒక చేపని చొక్కా జేబులో వేసుకుపోయేవాడు. దొంగతనం! సొంత మరిది! గుడ్డుచేపలు, అంటే కడుపులో గుడ్లున్న గులివిందలు, ఏడాదిలో నాలుగు రోజులే వస్తాయి. ఆ నాలుగు రోజులూ నేను కర్ర పట్టుకుని కాపలా కూర్చునేదాన్ని. ఒక్కటి కూడా వాడి జేబులో పడనివ్వలేదనుకున్నాను.

అప్పుడొచ్చింది కొత్త రూలు. పిల్లచేపలు అమ్మితే కొట్టు తీసేస్తారట. కొత్త ఇన్‌స్పెక్టర్ చేతిలో స్కేలుతో వచ్చి నా గులివిందల్ని కొలిచాడు.

"ఇవి పిల్లలు. జానెడు పెరగాల్సినవి."

"కాదు బాబూ, ఇవి ఇంతే పెరుగుతాయి. ముప్పై ఏళ్ళుగా అమ్ముతున్నాను."

"ఎంతవరకు చదివావు?"

చూశారా ప్రశ్న? నేను చదివింది రెండో తరగతి. చేపకి పొడుగు నేను నేర్పానా? బుట్ట మంచుపెట్టెలో పెట్టించి, సోమవారం రేవు దగ్గర చేపల ఆఫీసుకొచ్చి రుజువు చూపించమన్నాడు, లేకపోతే కొట్టు ఖాళీ చెయ్యమన్నాడు. మా అత్తగారు కూర్చున్న పీట అది. దాని మీద కూర్చునే మీ అమ్మల్ని పెంచాను. నా జన్మలో మొదటిసారి నాకు తిట్టు రాలేదు.

సోమవారం వెళ్ళాను. బల్ల మీద నా చేపలు తెల్లబోయి పడున్నాయి. అంతలో వీధి గుమ్మంలోంచి, రెండు సంచులు గలగలలాడించుకుంటూ మా మరిది!

"ఏయ్, సీసాలు కడిగే తొట్టి వెనకాలుంది, అటు పో" అన్నాడు గుమాస్తా.

వీడు వినలేదు. చూపుడువేలితో నా చేప గడ్డం ఎత్తాడు. "ఇది అది కాదు సార్" అన్నాడు.

అయిపోయింది, ఉన్న కొట్టు కూడా పోయిందని నెత్తి పట్టుకున్నాను.

"నువ్వు సీసాలు కడిగేవాడివి కదయ్యా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"అవును సార్. కడిగే ముందు లోపలేముందో చూస్తాను."

అందరూ నోరెళ్ళబెట్టారు. నేను కూడా. మనిషి ఎదురైతే మాట రానివాడు గడగడా చెప్పుకుపోతున్నాడు.

"జానెడు పెరిగే రకానికి తోకలో పైనా కిందా చారలుంటాయి సార్. దీనికి పైనే."

"ఏవీ చారలు?"

"మంచులో పెడితే చెరిగిపోతాయి. మీరు పొరబడింది అక్కడే. గడ్డం కింది పోగులు చెరగవు. ఆ రకంలో పిల్లకి కూడా పోగు చెంప దాటుతుంది. దీనికి చెంప దాకా కూడా రాదు. చూడండి."

భూతద్దం చేతులు మారింది. ఇన్‌స్పెక్టర్ చూశాడు. "సరే, వేరే రకమే. కానీ ఇది ఆ వేరే రకానికి పిల్ల కాదని ఏంటి నమ్మకం?" అని ఒక చేపని కోయించాడు. కడుపులో ఏమీ లేదు. గుడ్డు పెట్టే కాలం కాదది.

మా మరిది సంచుల్లోంచి సీసాలు తీసి వరసగా పెట్టాడు. దాదాపు వంద. ఆఖరున జామ్ సీసా. దాన్ని మాత్రం చేతిలోనే పట్టుకున్నాడు. ఒక్క రెక్క చిరగని చేప అది. ఎక్కడో దూరాన పెద్ద మ్యూజియానికి పంపి, దీనికి పేరుందా లేదా అని అడగాలని వాడి ఆశ. కోసిన చేపని వాళ్ళు తీసుకోరట. దాన్ని ఒకసారి వెలుగులో తిప్పి చూసుకుని, "కత్తెర ఉందా సార్?" అన్నాడు.

కోశాడు. అంతే వేలెడు చేప, అంతే పొట్టి గడ్డం. కడుపు నిండా పచ్చటి గుడ్లు!

అప్పుడొచ్చింది నాకు నోరు. "పిల్ల కడుపులో పిల్లలుంటాయా బాబూ? నువ్వు పెద్ద చదువులు చదివావుగా, చెప్పు!"

ఆఫీసంతా గొల్లుమంది. కొట్టు నాకే ఉంది.

గుమాస్తా సీసాల మీద చీటీలు చదువుతుంటే నేనూ తొంగి చూశాను. ప్రతి దాని మీదా తారీఖు, కింద "వదిన బుట్ట". రెండేళ్ళ సోమవారాలు!

"ఈ రూలొస్తుందని అప్పుడే ఇక్కడ సీసాలు కడుగుతుంటే విన్నాను వదినా."

"చెప్పి ఏడవొచ్చుగా! నేనే ఇచ్చేదాన్ని!"

"ఇస్తే మంచివి ఏరి ఇస్తావు. దొంగిలిస్తేనే రుజువు నికరంగా ఉంటుంది."

"మరి ఆ గుడ్డుచేప ఎప్పుడు కొట్టేశావురా?"

"నువ్వు కర్ర పట్టుకుని పిల్లి వెంట పడ్డావు చూడు, అప్పుడు."

మరుసటేడు గుడ్డుచేపలొచ్చిన రోజు వాడు నా బుట్ట ముందు కూర్చున్నాడు. నేను కర్ర తీసుకుని, లేని పిల్లిని తిట్టుకుంటూ వీధి చివరిదాకా వెళ్ళొచ్చాను.

ఆ రోజు వాడి జేబులో పడిన చేప, కోయకుండా, మ్యూజియానికి పోయింది. ఎనిమిది నెలలకి జవాబొచ్చింది. ఆ రకానికి మా మామగారు పుట్టకముందే ఎవరో పేరు పెట్టేశారట. వీడేమైపోతాడోనని నేను హడలిపోయి నీళ్ళగ్లాసుతో నిలబడ్డాను. వాడు ఆ ఇంగ్లీషు ఉత్తరం రెండుసార్లు చదివించుకుని, పకపకా నవ్వి, జన్మలో మొదటిసారి అన్నాడు:

"ఇది అదే వదినా!"

పోయేనాటికి వాడికి అరవై ఎనిమిదేళ్ళు.